కామ్రేడ్స్ అసోసియేషన్ యువకులు

ప్రజలెన్నుకొన్న ప్రభుత్వమన్నదే లేని నిజాం రాజ్యమున, 1939లో, హైదరాబాదు యువకులు కొందరు కామ్రేడ్స్ అసోసియేషన్ అను సంఘముగా నేర్పడి, ఐరోపాను గ్రసించుచున్న ఫాసిజమును, సామ్రాజ్యవాదమును, ప్రజల హక్కులను గూర్చి నిర్భయముగా చర్చింపసాగిరి. మూసీ దక్షిణతీరమున, హైకోర్టు చెంతనున్న సిటీ కాలేజీలో ఉర్దూ బోధించిన కవి మఖ్దూం మొహియుద్దీన్, వైద్యవిద్యార్థి రాజ్‌బహదూర్ గౌర్ వారిలో ముఖ్యులు. ఆ చర్చలు మాటలతో ముగియలేదు. వారు కార్మికసంఘములను నిర్మించిరి, చెరసాల ననుభవించిరి. 1952లో మఖ్దూం శాసనసభకును, గౌర్ రాజ్యసభకును ఎన్నికైరి. మతభేద మెరుగని ఆ యిరువురి స్నేహమే వారి ఉపన్యాసములకన్న గొప్పదిగా నాకు తోచును. నాటివలెనే నేడును యుద్ధములు, కరువులు, వలసలు లోకమును కలచుచున్నవి. పాతబస్తీ యువతీయువకులారా, మీ వీధి గ్రంథాలయమున వారమున కొకమారైనను కూడి, భిన్నాభిప్రాయమును సహనముతో వినుచు, వీనిని చర్చింపుడు.