రౌటర్‌కి టైమ్ తెలుసా? షెడ్యూల్ పెట్టే ముందు ఇది చూసుకోండి

ఈ ఎపిసోడ్‌లో మన ఇంట్లో వైఫై రౌటర్ గురించి మాట్లాడుకుందాం. తెల్లవారుజామున అదే రీస్టార్ట్ అవ్వాలి, రాత్రి 11కి వైఫై అదే ఆగిపోవాలి. ఇలాంటి పనులకి టైమ్ పెట్టడం ఎలా? పెట్టాక అవి ఎందుకు తేడా కొడతాయి?

చాలా రౌటర్ల సెట్టింగ్స్‌లో 'రీబూట్ షెడ్యూల్' లాంటి ఆప్షన్ ఉంటుంది. నేను మాత్రం ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీని ఉదాహరణగా తీసుకుంటున్నా. ఇది 2004లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ బదులు రౌటర్‌లో వేసుకునే లైనక్స్ అన్నమాట. లోపల ఏం జరుగుతుందో ఇందులో బాగా కనిపిస్తుంది.

లైనక్స్‌లో టైమ్ చూసి పనులు చేసే ప్రోగ్రామ్ పేరు క్రాన్. సిస్టమ్ మెనూలో 'షెడ్యూల్డ్ టాస్క్స్' ఓపెన్ చేస్తే ఒక ఖాళీ బాక్స్ వస్తుంది. ఒక్కో పనికి ఒక్కో లైన్ రాయాలి. లైన్‌లో ముందు ఐదు విలువలు: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. ఆ తర్వాత చేయాల్సిన కమాండ్. స్టార్ పెడితే 'ఏదైనా పర్లేదు' అని అర్థం.

0 4 * * * అని పెడితే రోజూ తెల్లవారుజామున 4 గంటలకి. 0 23 * * 0-4 అని పెడితే ఆదివారం నుంచి గురువారం వరకు రాత్రి 11కి. ఆదివారానికి నంబర్ 0. అంతే, ఈజీ.

మరి తేడా ఎక్కడ వస్తుంది? టైమ్ దగ్గరే.

మొదటిది, టైమ్ జోన్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కొత్తగా వేసినప్పుడు యూటీసీలో ఉంటుంది. మన టైమ్ దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. అంటే మీరు 4 గంటలకి అని పెట్టిన రీబూట్ ఇక్కడ ఉదయం 9:30కి జరుగుతుంది. అప్పుడు అక్క ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ఉందనుకోండి. కాల్ కట్! ఆ ఇంటర్వ్యూ మళ్ళీ పెడతారో లేదో ఎవరికి తెలుసు? అందుకే ముందు టైమ్ జోన్‌ని ఏసియా/కోల్‌కతాకి మార్చి, క్రాన్‌ని ఒకసారి రీస్టార్ట్ చేయండి.

రెండోది, కరెంటు. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసినా టైమ్ కరెక్ట్‌గా చూపిస్తుంది కదా? చాలా హోమ్ రౌటర్లలో అలా టైమ్ దాచుకునే బ్యాటరీ గడియారం ఉండదు. కరెంటు పోయి వస్తే, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ తన సెట్టింగ్స్ ఫోల్డర్‌లో చివరగా మారిన ఫైల్ ఏ టైమ్‌దో చూసి, ప్రస్తుతానికి అదే టైమ్ అనుకుంటుంది. నెట్ వచ్చాక ఎన్‌టీపీ సర్వర్‌ని అడిగి సరిచేసుకుంటుంది. నెట్ రాకపోతే? పాత టైమ్‌తోనే నడుస్తుంది, షెడ్యూల్ కూడా దాని ప్రకారమే.

మూడోది అసలైన తలనొప్పి. 4:00కి రీబూట్ అయింది, తిరిగి లేచింది. గడియారం ఇంకా 4:00 దగ్గరే ఉందనుకోండి, లేదా కాస్త వెనక్కి వెళ్ళిందనుకోండి. క్రాన్‌కి మళ్ళీ 4 గంటలు కనిపిస్తాయి, మళ్ళీ రీబూట్. ఇది ఇలాగే తిరుగుతూ ఉండొచ్చు. దీనికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్ళే ఒక చిట్కా చెప్పారు. రీబూట్ కమాండ్‌కి ముందు 70 సెకన్లు ఆగమని చెప్పాలి. తర్వాత సెట్టింగ్స్ ఫోల్డర్‌లో ఒక ఫైల్‌ని 'టచ్' చేయాలి, అంటే దాని టైమ్‌ని అప్‌డేట్ చేయాలి. ఆ తర్వాతే రీబూట్. అప్పుడు రౌటర్ లేచేసరికి 4:01 దాటి ఉంటుంది, ఆ లైన్ మళ్ళీ రన్ అవ్వదు.

నెట్‌వర్కింగ్ కోర్సు చేస్తున్నవాళ్ళకి ఇంకో మాట. సిస్కో రౌటర్‌లో 'రీలోడ్ ఇన్ 10' అని ఇస్తే 10 నిమిషాల తర్వాత రీస్టార్ట్ అవుతుంది. ఎక్కడో దూరంగా ఉన్న రౌటర్‌లో సెట్టింగ్ మార్చేముందు ఇంజనీర్లు ఇది పెట్టుకుంటారు. మార్పు వికటించి కనెక్షన్ పోయినా, సేవ్ చేయలేదు కాబట్టి రీస్టార్ట్ అయ్యాక పాత సెట్టింగ్‌తో తిరిగొస్తుంది. అంతా బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్'. ఇక్కడ గడియారంతో పనే లేదు, ఇప్పటి నుంచి 10 నిమిషాలు అంతే. అదే 'రీలోడ్ ఎట్' వాడాలంటే మాత్రం టైమ్ సెట్ అయి ఉండాల్సిందే.

చివరగా, మొదటి రోజే రీబూట్ పెట్టకండి. లాగ్‌లో ఒక లైన్ రాసే చిన్న పని పెట్టి, అది ఏ టైమ్‌కి పడిందో చూడండి. మీ ఫోన్‌లో టైమ్‌తో సరిపోతేనే రీబూట్ లైన్ వేయండి.

మీ రౌటర్ ఇప్పుడు ఏ టైమ్ చూపిస్తోందో చెక్ చేసి కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!