గుఱ్ఱమునకు మండల వ్యాయామము

పల్లెలో గానుగ ఆడుట చూచినవారు ఆ దృశ్యమును మఱచిపోలేరు. కండ్లకు గంతలు కట్టిన ఎద్దు రోలుచుట్టును తిరుగుచుండును. ప్రొద్దుటినుండి సందెవేళ వఱకు ఎన్ని క్రోసులు నడచినను అది బయలుదేరినచోటనే ఉండును. ఒకే తీరున సాగు విసువులేని చాకిరికి మన భాషలో గానుగెద్దు ఉపమానమైనది అందువలననే.

ఇక వేఱొక దృశ్యము. తెల్లవారుజామున సవారీ మైదానమునకు పోయినచో ఒక మనుష్యుడు నడుమ నిలిచి, పొడవైన పగ్గమును చేతబట్టుకొని యుండును. పగ్గపు రెండవ కొసన ఒక గుఱ్ఱము ఆతనిచుట్టును వలయాకారముగా నడచుచుండును. వీపున రౌతు లేడు. లాగుటకు బండి లేదు. క్రొత్తగా చూచువారికి ఇదియు ఒక గానుగయే అనిపించును. దీనిని మనము మండల వ్యాయామమని పిలిచికొందము. చక్కగా చేసినచో ఇది గుఱ్ఱమునకు చదువు. చెడుగా చేసినచో గానుగకంటెను హీనము. గానుగలో నూనెయైనను వచ్చును. ఈ రెండింటికిని నడుమగల భేదమును మనవి చేయుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

జట్కాబండ్లు మన వీధులనుండి తొలగిపోయినవి గదా, గుఱ్ఱములతో మాకేమి పని అని శ్రోతలలో కొందఱు అనుకొనవచ్చును. కాని గుఱ్ఱము మననుండి పూర్తిగా దూరము కాలేదు. హైదరాబాదులో మలక్‌పేట పందెపు మైదానము కలదు. ఆ నగరమందలి జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ పొందు అధికారులు సవారీ నేర్చుకొందురు. బాలబాలికలకు సవారీ నేర్పు పాఠశాలలు పట్టణములలో వెలసినవి. పెండ్లి ఊరేగింపులకై గుఱ్ఱమును పెంచువారును కలరు. మీ యింటి పిల్లవాడు రేపు ఒక గుఱ్ఱమునెక్కవచ్చును. ఆ గుఱ్ఱము తన కాలినొప్పిని నోరువిప్పి చెప్పలేదు. కనుక చూచువారికి కొంత తెలిసియుండుట మంచిది.

మండలగమనము క్రొత్త విషయము కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమునందు అశ్వాధ్యక్షుని విధులను చెప్పు అధ్యాయమొకటి కలదు. అందు సవారీగుఱ్ఱము నేర్వవలసిన గతులలో మొదట పేర్కొనబడినది వల్గనము. ఆ గ్రంథమును ఆంగ్లములోనికి పరివర్తించిన శామశాస్త్రిగారు ఆ పదమునకు వలయగమనమని అర్థము వ్రాసిరి. క్రీస్తునకు పూర్వము నాల్గవ శతాబ్దిలో గ్రీకు సేనాని జెనోఫన్ అశ్వారోహణమును గూర్చి గ్రంథము రచించి, గుఱ్ఱమును కుడియెడమలకు సమముగా త్రిప్పవలెనని బోధించెను. పదునేడవ శతాబ్ది ఆరంభమున ఫ్రాన్సు దేశపు రాజగు పదమూడవ లూయీకి సవారీ నేర్పిన ప్లూవినెల్ ఒక స్తంభముచుట్టును గుఱ్ఱమును నడపి శిక్షణ నిచ్చెను. స్తంభముండిన చోటనే నేడు మనుష్యుడు నిలుచుచున్నాడు. స్తంభమునకు కన్నులు లేవు, మనుష్యునకు కలవు. ఆ కన్నులు గుఱ్ఱముపై నిలిచియున్నంతసేపే ఈ వ్యాయామమునకు విలువ.

దీనికి కావలసిన పరికరములు కొలది. ముక్కుపై బలమైన పట్టీగల తలకట్టు ఒకటి. ఎనిమిది లేక పది మీటర్ల పగ్గము ఒకటి. పొడవైన చెర్నాకోల ఒకటి. నడపువాని చేతులకు తొడుగులు. పగ్గమును కళ్లెపు ముక్కకు ఒకవైపున తగిలించుట కంటె ముక్కుపట్టీకి తగిలించుట మేలు, నోరు నొవ్వదు. గుఱ్ఱము ఎడమవైపునకు తిరుగునపుడు పగ్గము ఎడమచేతను, చెర్నాకోల కుడిచేతను ఉండవలెను. ముందు పగ్గము, వెనుక చెర్నాకోల, ఎదుట గుఱ్ఱము. ఈ మూడును కలిసి ఒక త్రిభుజమగును. చెర్నాకోల కొట్టుటకు కాదు; చూపుటకు. అది నడపువాని చేతికి పొడిగింపువంటిది.

మొదట లాభములు చెప్పెదను. రౌతు బరువును ఎఱుగని గుఱ్ఱపుపిల్లకు ఇది అక్షరాభ్యాసము. నడువుము, ఆగుము, మెల్లగా పొమ్ము అను మాటలను అది నేలమీదనే, వీపున బరువు లేకుండగనే నేర్చుకొనును. తరువాత రౌతు ఎక్కినప్పుడు ఆ మాటలే దానికి ధైర్యమిచ్చును. రెండవది, జీనుపుండు పడిన గుఱ్ఱమునకు వీపున ఏమియు వేయకుండ కదలిక కల్పింపవచ్చును. మూడవది, ఎక్కినవాడు చూడలేనిది నేలపైనున్నవాడు చూడగలడు. అడుగు సమముగా పడుచున్నదా, వీపు బిగిసియున్నదా, వెనుకకాళ్లు కడుపుక్రిందికి చక్కగా వచ్చుచున్నవా అనునవి తెలియును. పశువైద్యులు కుంటితనమును కనిపెట్టుటకు గుఱ్ఱమును వలయముపై నడపించి చూచుట ఇందుకే. సూటిగా నడచునపుడు దాగియున్న నొప్పి వలయములో బయటపడును. నొప్పిగల ముందుకాలు నేలనానినపుడు గుఱ్ఱము తల పైకెత్తును; మంచికాలు ఆనినపుడు తల దించును.

నాల్గవ లాభము గుఱ్ఱమునకు గాక రౌతునకు కలుగును. వియన్నా నగరమందలి స్పానిష్ సవారీ పాఠశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థికి మొదట కళ్లెపు వార్లు గాని, రికాబులు గాని ఈయరు. ఒకరు గుఱ్ఱమును పగ్గముపై త్రిప్పుచుండగా శిష్యుడు జీనుపై కూర్చుండి, నెలల తరబడి తన ఆసనమును దిద్దుకొనును. చేతితో పట్టుకొనుటకు ఏమియు లేనపుడే నడుము నేర్చుకొనునని వారి నమ్మకము. మన సవారీ పాఠశాలలలో మొదటి దినముననే వార్లు చేతికిచ్చి, పిల్లవాడు భయముతో గుఱ్ఱపు నోటిని లాగుచుండ చూచుచు నిలుచువారు ఈ పద్ధతిని గమనింపదగును.

ఇక ప్రమాదములు. వలయములో పరుగెత్తు శరీరము సూటిగా వెలుపలికి పోజూచును. లోపలికి లాగు బలము దానిని మలుపులో నిలుపును. సైకిలుపై మలుపు తిరుగువాడు లోపలికి ఒరుగుట మీరెఱుగుదురు. గుఱ్ఱమును అట్లే ఒరుగును. 500 కిలోల గుఱ్ఱము సెకనుకు 4 మీటర్ల వేగమున, సాయీసులు దుల్కీ అనెడి నడకలో, పోవుచున్నదనుకొందము. వలయపు అడ్డుకొలత 20 మీటర్లయినచో దాని కాళ్లు తట్టుకొనవలసిన ప్రక్కబలము సుమారు 80 కిలోల బరువునకు సమానము. అడ్డుకొలతను 10 మీటర్లకు తగ్గించినచో అది సుమారు 160 కిలోలగును. వేగము రెట్టింపైనచో బలము నాలుగింతలగును. 20 నిమిషములు ఆ నడకనే నడపినచో పెద్దవలయములో సుమారు 76 చుట్లు, చిన్నవలయములో 150కి పైగా చుట్లు పడును. అన్ని చుట్లలోను ఒరుగుట ఒకే దిక్కునకు.

గుఱ్ఱపు కాలి క్రింది కీళ్లు తలుపు కీళ్లవలె ముందువెనుకలకు మడచుటకు ఏర్పడినవి. ప్రక్కలకు మెలిపెట్టుటకు కాదు. సర్కసులో చిన్నవలయమున గుఱ్ఱములు పరుగెత్తుట లేదా అని అడుగవచ్చును. సర్కసు వలయపు అడ్డుకొలత 42 అడుగులు. పదునెనిమిదవ శతాబ్దిలో లండనులో ప్రదర్శనలిచ్చిన ఫిలిప్ ఆస్ట్లీ నాటినుండి వచ్చిన కొలత అది. అందు గుఱ్ఱము లోపలికి ఒరిగి పరుగెత్తుటచేతనే వీపున నిలిచినవాడు పడిపోకుండును. అది నిలుచువానికి అనువైన కొలతయే గాని, గుఱ్ఱపు నిత్యవ్యాయామమునకు అనువైనది కాదు.

లేతవయసున ప్రమాదము మఱింత అధికము. గుఱ్ఱపు ఎముకల కొసలలో పెరుగుదలకై లేతభాగములుండును. అడుగుకాలి ఎముకలలో అవి త్వరగా గట్టిపడును. ముందుకాలి మోకాలికి పైనున్న భాగము గట్టిపడుటకు రెండేండ్లు దాటును. వెన్నుపూసలకు ఐదేండ్లు దాటును. చూపునకు పూర్తిగా పెరిగినట్లున్న రెండేండ్ల గుఱ్ఱము లోపల ఇంకను పిల్లయే. స్పానిష్ సవారీ పాఠశాలలో మగగుఱ్ఱములకు సవారీ శిక్షణ సుమారు నాల్గవ ఏటగాని ఆరంభింపరు.

ఈ సందర్భమున నా అనుభవమొకటి దాచక చెప్పవలెను. నేను గుఱ్ఱముల పని నేర్చుకొను దినములలో ఒక శాలయందు మూడేండ్ల ఆడుగుఱ్ఱము ఉండెడిది. దినమంతయు కట్టుకొయ్యకు కట్టియుంచి, ఉలవగుగ్గిళ్లు మాత్రము కడుపునిండ పెట్టుచుండిరి. రౌతు ఎక్కగానే అది గంతులు వేయుచుండెను. పొగరు అణగునట్లు ముందుగా అరగంటసేపు త్రిప్పుమని యజమాని నాతో చెప్పెను. నేనట్లే చేసితిని. కుడివైపు తిరుగుమన్నచో అది మొరాయించెడిది. అందుచే శ్రమపడుటెందుకని ఎడమవైపే త్రిప్పుచుంటిని. రెండు వారములు గడచునప్పటికి అరగంట చాలలేదు, ముప్పావుగంట కావలసివచ్చెను. దాని పొగరు తగ్గలేదు, దమ్ము పెరిగినది. రెండవ నెలలో ఒక ఉదయమున అది దుల్కీ నడకలో తల పైకెత్తుట చూచితిని. ఎడమ ముందుకాలు. ఆ కాలు నయమగుటకు నెలలు పట్టెను. పూర్వపు నడక మాత్రము మఱల రాలేదు. యజమాని దానిని విక్రయించెను. ఆజ్ఞ ఆయనది కావచ్చును. పగ్గము నా చేతిలోనిది. వలయముచుట్టును తిరుగుచు ఆ గుఱ్ఱము కుడివైపు మొరాయించుటలోనే నాకు ఏదో చెప్పుచుండెనని ఇప్పుడు నాకు తోచుచున్నది.

దానికి కావలసినది వలయము కాదు. ఉలవలు తగ్గించుట, సూటిదారిని గంటసేపు నడక, దొడ్డిలో విడిచిపెట్టుట. అంతే. మఱియొకటి గూడ తెలిసియుండవలెను. విశ్రాంతిదినమున దాణా తగ్గింపక, మఱునాడు హఠాత్తుగా పరుగెత్తించినచో కొన్ని గుఱ్ఱములకు నడుము, తొడల కండరములు బిగిసిపోయి, చెమటలు పట్టి, మూత్రము కాఫీరంగున వచ్చును. ఆదివారపు విశ్రాంతి పిమ్మట కనబడుటచే పాశ్చాత్యులు దీనిని సోమవారపు వ్యాధి అనిరి. ఇట్టి లక్షణములు కనబడినచో ఒక్క అడుగైనను నడిపింపక పశువైద్యుని పిలువవలెను.

నడపువానికిని ప్రమాదమున్నది. పగ్గమును ఎన్నడును చేతికి చుట్టుకొనరాదు. మడతలుగా అరచేత పట్టుకొనవలెను. గుఱ్ఱము బెదరి దూకినపుడు చుట్టు బిగిసి వ్రేళ్లకు ముప్పు తెచ్చును. పగ్గము నేలపై ఈడ్చుకొనిపోవుటయు కూడదు. నడపువాని కాలో, గుఱ్ఱపు కాలో అందు చిక్కుకొనును. శాలనుండి అప్పుడే వచ్చిన గుఱ్ఱము వెనుకకాళ్లు విసరును గనుక ఆ దూరమునకు ఎడముగా నిలువవలెను. తల వంచియుంచుటకై నోటినుండి నడుముపట్టెడకు ప్రక్కవార్లు కట్టువారు కలరు. నేర్చినవారి చేతిలో అవి ఉపయోగకరములు. బిగించి కట్టినచో మెడ మడత పడును, వీపు బిగియును. అందము కనబడునుగాని నడక చెడును. నేర్వనివారు వానిని ముట్టకుండుట మేలు.

కనుక నియమములు ఇవి. వలయపు అడ్డుకొలత 15 మీటర్లకు తగ్గరాదు. 20 మీటర్లయినచో మఱింత మంచిది. మెట్టనేలయు, లోతైన ఇసుకయు రెండును పనికిరావు. మన ఎండలలో ప్రొద్దెక్కకముందే ముగింపవలెను. మొదటి ఐదు నిమిషములు నడకయే. తరువాత నాలుగైదు నిమిషములకొకసారి దిక్కు మార్చవలెను. మొత్తము 20 నిమిషములు చాలును. పిల్లగుఱ్ఱమునకు అందు సగము. వారమునకు రెండుమూడు మారులకంటె ఎక్కువ వద్దు. మిగిలిన దినములలో సూటిదారి, మిట్టపల్లములు, విశ్రాంతి.

మీ పిల్లలను సవారీ పాఠశాలలో చేర్చునపుడు శాల అందమును, జీనుల మెఱుగును చూచుటతో తృప్తిపడకుడు. ఉదయము వేళకు ముందుగా పోయి మైదానమంచున పదినిమిషములు నిలువుడు. గుఱ్ఱమును త్రిప్పువాడు దానిని చూచుచున్నాడా, లేక ప్రక్కవానితో ముచ్చటలాడుచున్నాడా? దిక్కు మార్చుచున్నాడా? ఆగుమన్నపుడు గుఱ్ఱము వలయముపైననే ప్రశాంతముగా ఆగుచున్నదా? ఆగినపిమ్మట ఆతడు దగ్గఱకు పోయి మెడ నిమురుచున్నాడా? ఈ నాలుగును ఉన్నచో పిల్లవానిని నిశ్చింతగా అక్కడ విడిచి రావచ్చును. లేనిచో వేఱొక పాఠశాల వెదకికొనుడు. అక్కడ గుఱ్ఱముండవచ్చును, దానికి గురువు లేడు.