చెడిన పరపతిని బాగుచేసుకోవడం

(చోడవరంలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య తనిఖీకి వెళ్లిన ఒక సంఘంలో ఒక సభ్యుడు నన్ను పక్కకు పిలిచాడు. రెండు పూటలా తప్పకుండా పాలు పోసే మనిషి. రెండో గేదెకు అప్పు అడిగితే బ్యాంకువారు సిబిల్ బాగులేదని తిప్పి పంపేశారట. “నేనెవరికీ ఎగ్గొట్టలేదండి. నా పంట రుణం మాఫీ అయిపోయింది గదా!” అన్నాడు.

కాగితాలు తెప్పించి చూశాను. 2014 రుణ విముక్తి పథకం కింద అతనికి 80 వేలు మంజూరైంది. 50 వేలు దాటిన అప్పులకు ఆ సొమ్మును అయిదు విడతలుగా ఇవ్వాలని నిర్ణయించారు. మూడు విడతలు వచ్చాయి. చివరి రెండు విడతలు 2019లో ఆగిపోయాయి. వడ్డీ మాట అలా ఉంచితే, అసలులోనే 32 వేలు అతని పేరున మిగిలిపోయింది. ఎవరిది తప్పు అని వాదించుకోవచ్చు. కాని బ్యాంకు పుస్తకంలో బాకీదారు పేరు రైతుదే. 2022లో మన చోడవరం విశాఖ జిల్లా నుండి అనకాపల్లి జిల్లాలోకి మారింది గాని, ఆ చిట్టా మాత్రం మారలేదు.

క్రెడిట్ అనే మాటకు మన పెద్దలు పరపతి అని పేరు పెట్టారు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషి పరపతి ఎంతో సంఘ కార్యదర్శి నోటిమీద చెప్పేవాడు. గేదె చచ్చిపోయి వాయిదా తప్పిందా, పేకాటలో పోగొట్టి తప్పిందా అనేది కూడా ఆయనకు తెలుసు. ఇప్పుడు ఆ లెక్క నాలుగు కంపెనీల వద్ద ఉంటున్నది. అందులో మొదటిది 2000లో ఏర్పడిన సిబిల్. 300 నుండి 900 వరకు మార్కులు వేస్తారు. గేదె చచ్చిపోయిన సంగతి ఆ మార్కులకు తెలియదు. వాయిదా తప్పిన సంగతి మాత్రమే తెలుసు.

కనుక మొదట మీ చిట్టాను మీరు చూసుకోవాలి. ఏడాదికొకసారి ప్రతి కంపెనీ పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. మీ అప్పులే కాదు, మీరు హామీ సంతకం పెట్టిన బావమరిది అప్పు కూడా అందులో కనిపించవచ్చు. తీర్చిన అప్పు తీరనట్లు ఉంటే బ్యాంకుకు, ఆ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. 2024 ఏప్రిల్ నుండి అది అమలులో ఉన్నది.

ఇతరులకు చెప్పే నేనే ఒకసారి తప్పుచేశాను. మోటారు సైకిలు అప్పు ఆఖరి వాయిదా కట్టి, బాకీ లేదనే పత్రం తీసుకోకుండా ఇంటికి వచ్చేశాను. కొన్నేళ్లకు మా అమ్మాయి చదువుకు అప్పు అడిగితే ఆ పాత ఖాతా ఇంకా తెరిచే ఉందని తెలిసింది. ఆ పత్రం కోసం మూడుసార్లు తిరిగాను. ఇన్‌స్పెక్టరునని చెప్పుకోవడానికి కూడా సిగ్గేసింది!

ఇక నిజంగా బాకీ ఉన్నవారి మాట. “కొంత కట్టండి, మిగతాది వదిలేస్తాం” అని బ్యాంకువారు రాజీకి పిలుస్తారు. గత్యంతరం లేకపోతే సరే. కాని అది పూర్తిగా తీర్చిన అప్పుగా కాక, రాజీ పడిన అప్పుగానే చిట్టాలో ఉంటుంది. తర్వాత అప్పు ఇచ్చేవారు దానిని చూసి వెనుకాడుతారు. శక్తి ఉన్నవారు మొత్తం కట్టి ఖాతా మూయించుకోవడమే మేలు. అయిదు వేలిస్తే చిట్టా కడిగేస్తామని తిరిగేవారిని మాత్రం గడప దగ్గరే ఆపండి. నిజమైన బకాయిని డబ్బు తీసుకుని చెరిపే అధికారం ఎవరికీ లేదు.

మన ప్రాంతంలో చెరకు డబ్బు ఏడాదికొకసారి, అదీ ఆలస్యంగా వస్తుంది. పాల డబ్బు అలా కాదు, బిల్లు బిల్లుకూ చేతికి అందుతుంది. నేను చెప్పిన సభ్యుడు బ్యాంకు మేనేజరును కలిసి, పాల బిల్లు పడే ఖాతా నుండే నెలనెలా కొంత పాత బాకీకి జమ అయ్యేలా రాసిచ్చాడు. గేదె ఒట్టిపోయే మూడు నాలుగు నెలల కోసం, పాలు బాగా ఉన్నప్పుడే కొంత పక్కన పెట్టమని చెప్పాను. సగం పైగా తీరింది. మార్కులు ఒక్కసారిగా పెరగవు. వాయిదా తర్వాత వాయిదా సకాలంలో పడుతుంటే నెమ్మదిగా లేస్తాయి.

ఇంత శ్రమ ఎందుకంటారా? పాడికి కిసాన్ క్రెడిట్ కార్డు మీద 2 లక్షల వరకు 7 శాతం వడ్డీ. సకాలంలో కట్టినవారికి 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చేవారు ఏడాదికి 24 రూపాయలు కడుతున్నారు. లక్షకు తేడా 20 వేలు. దాణా ఖర్చులో చాలా భాగం అందులోనే వెళ్లిపోతుంది.

సమావేశం అయ్యాక ఆ వేపచెట్టు కింద బల్ల వేయించాను. ఆధార్, పాన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, తీర్చిన అప్పుల రసీదులు ఉన్నవారు రండి, చీకటి పడేవరకు ఉంటాను. పాలు పోయవలసినవారు ముందు పోసి రండి.