ఆకాశమార్గమున సమ్మె

విమానోద్యోగులు సమ్మె చేయవచ్చునా? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రముల చట్టము చెప్పు సమాధానమును నేడు మనము పరిశీలింతము. చేయవచ్చును, కాని వెంటనే కాదు అనునదే ఆ సమాధానము.

రైలు రవాణాకై అచ్చట 1926లో చేసిన చట్టమును 1936లో విమాన సంస్థలకును వర్తింపజేసిరి. జీతభత్యముల ఒడంబడికను మార్చుకొను తేది వచ్చినంతమాత్రమున సమ్మెకు దిగరాదు. మొదట ఉభయ పక్షములును సంప్రదించుకొనవలెను. అది ఫలింపనిచో జాతీయ మధ్యవర్తిత్వ మండలి ప్రవేశించును. మండలి ఎన్నినాళ్లు ఈ సంప్రదింపులు సాగింపవచ్చునో చట్టమున పరిమితి లేదు. ఇక లాభము లేదని తోచినపుడు, మూడవవారి తీర్పునకు కట్టుబడుడని మండలి ఉభయులను కోరును. ఏ ఒక్కరు కాదన్నను మరి 30 దినములు ఆగవలెను. దేశమున ఏదేని ప్రాంతమునకు రాకపోకలు స్తంభించునను భయమున్నచో, అధ్యక్షుడు విచారణ సంఘమును నియమింపవచ్చును. దాని నివేదికకు 30 దినములు, అటుపిమ్మట మరి 30 దినములు వేచియుండవలెను.

ఇన్ని మెట్లున్నను సమ్మె తప్పునను నమ్మకము లేదు. 1966లో ఐదు విమాన సంస్థల మెకానిక్కులు, సుమారు 35,000 మంది, విచారణ సంఘపు సూచనలు వెలువడిన పిమ్మటను 43 దినములు పని మానిరి. 1997 ఫిబ్రవరి 15న, అర్ధరాత్రి దాటగానే అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మె ఆరంభించిరి. కొలది నిమిషములకే అధ్యక్షుడు క్లింటన్ విచారణ సంఘమును నియమించి దానిని నిలుపజేసెను. కొన్ని నెలలలోనే ఒడంబడిక కుదిరెను.

దూరదేశమున చిక్కుపడు ప్రయాణికునికి ఈ జాప్యము మేలే. చర్చలు ముగియువరకు యజమానియు పని నిబంధనలను ఏకపక్షముగా మార్చరాదు. ఇది కార్మికునికి రక్షణయే. కాని ఆ కాలమంతయు అతని ఇంటికి పాత జీతమే వచ్చుచుండును. అంగడిలో ధరలు మాత్రము పాతవి కావు. చర్చలు సాగినకొలది ఆ భారమెవరిపై పడునో వేరుగ చెప్పనక్కరలేదు.

సమ్మె హక్కును ఈ చట్టము తీసివేయలేదు. దానిని వాడుకొను వేళను మాత్రము మండలి చేతికిచ్చినది. ఆ వ్యవధి రాజీకి తోడ్పడినచో ప్రజలకును, కార్మికులకును న్యాయము జరుగును. కార్మికుని ఓపిక హరించుటకే అది వినియోగపడినచో, హక్కు చట్టములో ఉండియు లేనట్లే యగునని మాకు తోచుచున్నది.