మస్జిదు హాలులో మనసు పాఠాలు

(మహల్లా కమిటీల జిల్లా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా మహల్లాలో ఎవరికైనా కాలు విరిగితే వీధి వీధంతా చూడటానికి వెళ్తుంది. బత్తాయిలు పట్టుకెళ్తారు, దువా చేసి వస్తారు. అదే వీధిలో ఒక యువకుడు ఆరు నెలలుగా గది దాటి రావడం లేదంటే ఆ తలుపు తట్టేవారుండరు. తట్టకూడదనే ఇంటివారూ కోరుకుంటారు. అక్కకు సంబంధాలు చూస్తున్నారు మరి. రోగిని పరామర్శించడం ఒక ముస్లిముకు మరొక ముస్లిముపై ఉన్న హక్కు అని పిల్లలకు నేర్పుతాము. ఆ హక్కు మెడ కింది భాగానికి మాత్రమే వర్తిస్తుందని మనకు ఎవరు నేర్పారో తెలియదు.

ఈ మౌనాన్ని తొలగించాలని మా కమిటీ మొదట ఒక వైద్యశిబిరం పెట్టింది. బ్యానరు కట్టాము, మానసిక వైద్యుడిని పిలిపించాము. వచ్చినవారిలో అధికులు రక్తపోటు చూపించుకోవడానికి వచ్చినవారే. ఆ బ్యానరు కింద వరుసలో నిలబడితే వీధంతా చూస్తుందన్న సంగతి దానిని రాయించినప్పుడు మాకు తోచలేదు.

ఆ తర్వాత మేము ఇంగ్లండులోని ‘రికవరీ కాలేజీ’ల గురించి తెలుసుకున్నాము. 2009లో నైరుతి లండనులో మొదలైన ఈ పద్ధతి నేడు అనేక దేశాలకు వ్యాపించింది. మానసిక వ్యాధి నుండి కోలుకుంటున్నవారు, వారి కుటుంబసభ్యులు, వైద్యసిబ్బంది అక్కడ ఒకే తరగతిలో విద్యార్థులుగా పేరు నమోదు చేసుకుంటారు. ప్రతి పాఠాన్నీ ఒక నిపుణుడు, ఆ బాధను స్వయంగా అనుభవించిన ఒకరు కలిసి తయారుచేస్తారు, కలిసే బోధిస్తారు. నిద్ర, ఆందోళన, వైద్యునితో మందుల గురించి మాట్లాడటం, తిరిగి పనిలో చేరడం వంటివి అక్కడి పాఠ్యాంశాలు. కోలుకోవడమంటే వ్యాధి లక్షణాలన్నీ మాయం కావడమేనని వారు భావించరు. కొన్ని లక్షణాలు మిగిలినప్పటికీ తనకు నచ్చిన జీవితాన్ని తాను గడపగలగడమే కోలుకోవడం. చికిత్స ఆసుపత్రిలో సాగుతూనే ఉంటుంది.

అంతటి కాలేజీ నడిపే స్తోమత మాకు లేదు. నిపుణునితో పాటు అనుభవించినవారూ బోధించాలన్న ఆ ఒక్క సూత్రాన్ని మాత్రం తీసుకున్నాము. మస్జిదుకు ఆనుకుని ఉన్న హాలులో ఆరు ఆదివారాలు, అస్ర్ నమాజు తర్వాత గంటన్నర. ‘మనసు పాఠాలు’ అని పేరు పెట్టాము. ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు వచ్చేవారు. ఆమెతో కలిసి బోధించినది మా వీధిలో బట్టలు కుట్టే ఒక ఆపా. రెండవ కాన్పు తర్వాత చాలా నెలలు ఆమె బిడ్డను ఎత్తుకోలేకపోయారు. ఆసేబ్ సోకిందన్నారు, తావీజులు కట్టారు. చివరకు మందులతో, తల్లి తోడుతో ఆమె కోలుకున్నారు. నిద్ర గురించిన పాఠం రోజున ఆమె లేచి అన్న మొదటి మాట ఇది: “ఫజ్ర్ అజాన్ వినబడితే నాకు ఏడుపు వచ్చేది, ఇంకో రోజు మొదలైందని.” హాలులో ఎవరూ కదలలేదు. నర్సు తెచ్చిన పటాలు ఆ రోజు సంచిలోనే ఉండిపోయాయి.

మా పొరపాట్లూ చెప్పాలి. మొదటి ఆదివారం స్త్రీలు ఇద్దరే వచ్చారు. పురుషులు వుజూ చేసే చోటు దాటి రావలసి ఉండటమే కారణం. వెనుక తలుపు తాళం తీయించడానికి మాకు, అంటే పదిమంది మగవాళ్ల కమిటీకి, మూడు వారాలు పట్టింది. తాళం తీసిన వారం కుర్చీలు చాలలేదు.

రెండవది ఇంతకంటే పెద్దది. తనకు వినబడే గొంతుల గురించి ఒక యువకుడు తరగతిలో ధైర్యంగా చెప్పాడు. రెండు రోజులలో ఆ మాట టీ కొట్టుకు చేరింది. అతడు మళ్లీ రాలేదు. తరగతిలో విన్నది తరగతి దాటకూడదన్న నియమాన్ని మొదటి రోజే పెట్టనందుకు ఆ తప్పు మాది. ఒకరి లోపాన్ని కప్పి ఉంచేవారి లోపాలను అల్లాహ్ కప్పి ఉంచుతాడని ఖుత్బాలలో విన్నవాళ్లమే మేమంతా. ఇప్పుడు పేరు రాసే ముందు ఆ నియమాన్ని చదివి వినిపిస్తున్నాము. దానివల్ల ఆ యువకునికి జరిగిన నష్టం తీరదు.

ఐదవ వారం ఒక తల్లి అడిగారు: “వాడు మందు మింగనంటాడు. కట్టేయక ఏం చేయమంటారు?” నర్సు ఎదురు ప్రశ్న వేశారు, ఎందుకు మింగనంటున్నాడని. పగలంతా మత్తుగా ఉంటున్నదట. అది వైద్యునికి చెప్పారా అంటే లేదన్నారు. మోతాదు మార్చవచ్చు, మందే మార్చవచ్చు, కాని సొంతంగా మానేయకూడదు. ఈ సంగతి ఆ ఇంటికి అంతవరకు ఎవరూ చెప్పలేదు.

గొలుసుల మాట వచ్చింది కనుక ఏర్వాడిని గుర్తు చేయాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఆ దర్గా ఊరిలో, ఒక ప్రైవేటు మానసిక ఆశ్రయంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టివేయబడినవారు పారిపోలేక 28 మంది చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షను మానసిక రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. ప్రభుత్వ సేవల ద్వారా మానసిక చికిత్స పొందడం 18వ సెక్షను ప్రకారం హక్కు. మైనారిటీ హక్కుల కోసం ధర్నాలు చేసే మనం ఈ హక్కును ఏ వినతిపత్రంలోనూ రాయలేదు.

అలాగని దర్గాకు వెళ్లేవారిని ఎగతాళి చేయడం మాకు సమ్మతం కాదు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా వద్ద ‘దవా-దువా’ కార్యక్రమం నడిచింది. ముజావర్లు దువా చేస్తూనే, అక్కడే ఉన్న మానసిక వైద్యుని వద్దకు రోగులను పంపారు. మా ఇమామ్ సాహెబ్ కూడా మొదట సందేహించారు. పదో శతాబ్దపు ముస్లిం పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ దేహపోషణతో పాటు మనసు పోషణపై గ్రంథం రాశారనీ, కోపం, భయం, దుఃఖం, వస్‌వాసులను విడివిడిగా చర్చించారనీ తెలిసిన తర్వాత ఆరవ పాఠం తానే చెబుతానన్నారు. వుజూ పదేపదే చేస్తూ నమాజు తప్పిపోయేవారి గురించి ఆయన మాట్లాడారు. “అది ఈమాన్ లోపం కాదు, వైద్యునికి చూపించండి” అన్నారు. ఆ ఒక్క వాక్యానికి మా కరపత్రాలన్నీ సరితూగవు.

2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాలలో సాగింది. వయోజనులలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు తేలింది. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. మన మహల్లాల లెక్క మన తలుపుల వెనుకే ఉన్నది.

తదుపరి కోర్సు వచ్చే నెల మొదటి ఆదివారం మొదలవుతుంది. పేర్లు ఆపా ఇంట్లో ఇవ్వవచ్చు, కమిటీ మగవాళ్లకు చెప్పనక్కరలేదు. అంతవరకు ఆగలేనివారికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉన్నది. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. మాకు ఇప్పుడు కావలసినది, ఆపాతో పాటు ముందు నిలబడి మాట్లాడగల ఒక మగ మనిషి. ఈ సభలో అటువంటివారు ఉంటే ఇక్కడ చేయి ఎత్తనక్కరలేదు. మగ్రిబ్ తర్వాత వెనుక తలుపు వద్ద ఉంటాము.