వాదీ వెంట నడక
(పాలకుర్తిలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నా మస్కట్ ప్రయాణం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. రెవెన్యూ ఆఫీసులో ముప్పయ్యేళ్ళు ఇతరుల అర్జీల మీద నోటు రాసినవాణ్ణి. సొంత సంగతి చెప్పుకోవడం అలవాటు లేదు. తప్పులుంటే మన్నించగలరు.

మా అబ్బాయిది ఒమాన్‌లో ఉద్యోగం. 2021 మే నెలలో, కరోనా రెండో విడతలో, మా ఆవిడ కాలం చేసింది. వాడు రాలేదు. ఏప్రిల్ 24 నుండి ఆ దేశం మన దేశం నుండి వచ్చేవారిని రానీయడం లేదు. వచ్చినవాడు తిరిగి ఎప్పుడు పోతాడో తెలియదు. కారణం నాకు తెలుసు. అయినా మనసులో ముల్లు ఉండిపోయింది. మూడేళ్ళు ఫోనులో బీపీ, షుగరు సంగతులు తప్ప మరొకటి మాట్లాడుకోలేదు.

2024 రంజాన్‌కు వాడు టికెట్ పంపితే వెళ్ళాను. అక్కడ పండుగ ఏప్రిల్ 10న జరిగింది. మరునాడు కూడా సెలవే గనుక నన్నూ మనుమణ్ణీ వాదీ షాబ్‌కు తీసుకుపోయాడు. మస్కట్ నుండి సూర్ పోయే దారిలో నూటయాభై కిలోమీటర్లుంటుంది. వాదీ అంటే లోయ, మన లెక్కలో వాగు అనుకోండి. చాలా వాదీలు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉంటాయి. ఇందులో మాత్రం నీళ్ళున్నాయి.

వంతెన కింద ఒక ఒమానీ కుటుంబం చాప పరుచుకొని కూర్చున్నది. మా ఊళ్ళో చేసినట్టే అలాయ్ బలాయ్ చేసి, నాకొచ్చిన దఫ్తరు ఉర్దూలో ముబారక్ చెప్పాను. ఆ పెద్దాయన నవ్వి ఖర్జూరాలు, చిన్న గిన్నెలో చేదు కాఫీ ఇచ్చాడు. మన ఫిల్టర్ కాఫీ అనుకొని తాగితే మోసపోతారు!

పడవలో అవతలికి దాటి నడక మొదలుపెట్టాం. రెండు పక్కలా నిలువు కొండలు, అడుగున గుండ్రాళ్ళు, ఖర్జూరపు చెట్లు, అరటి చెట్లు. పక్కనే చిన్న కాలువ. దాన్ని ఫలజ్ అంటారట. అటువంటి ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటి నీళ్ళను గంటల లెక్కన పంచుకుంటారు. వెనకటికి పగలు నీడను చూసి, రాత్రి చుక్కలను చూసి వంతులు వేసేవారట. మా చెరువు తూము దగ్గర నీరటి చేసే పనే. ఆ వంతుల తగాదాల అర్జీలు నేనెన్ని చూశానో!

ముప్పావుగంట నడిచేసరికి మోకాలు మొరాయించింది. మనుమడు మడుగులో ఈదుతున్నాడు. కొండకు రెండు నిలువుల ఎత్తున ఎండిన మట్టలు, చెత్త ఇరుక్కొని ఉన్నాయి. అది వరద వచ్చిన మట్టం. "ఇక చాలు, తిరిగి పోదాం" అన్నాను.

"మబ్బే లేదు గద బాపూ."

"ఇక్కడ పడనక్కరలేదు. పైన పడితే చాలు."

వాడు నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "అప్పుడు నేను బ్యాగు సర్దుకున్న బాపూ. అమ్మే ఫోన్‌ల వద్దన్నది. వస్తే నౌకరి పోతది, బాపుకు చెప్పకు అన్నది."

ఆస్పత్రిలో ఫోను ఆమె దిండు కింద ఉండేది. ఎవరితో మాట్లాడిందో నేనడగలేదు. అడగవలసింది.

తిరుగు దారిలో రాళ్ళ మీద వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. వద్దనలేదు.

మూడు రోజులకు, ఏప్రిల్ 14న, ఒమాన్‌లో కుంభవృష్టి. సమద్ అల్ షాన్ దగ్గర వాదీ పొంగి బడిపిల్లలు కొట్టుకుపోయారు. టీవీలో ఆ బురద నీళ్ళు చూస్తూ మనుమడు అన్నం ముట్టలేదు. రాత్రి వాడు నా మంచం పక్కన పడుకుంటే, అబ్బాయి కూడా వచ్చి కింద చాప వేసుకున్నాడు. కిటికీ మీద వాన పడుతూనే ఉన్నది. వాళ్ళమ్మ కబుర్లు తెల్లవారుజాము దాకా చెప్పుకున్నాం.