టెన్షన్ పెడుతున్నది ఎవరు?

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టెన్షన్, ప్రెషర్, టార్చర్, డిప్రెషన్, బీపీ. విజయవాడలోనే కాదు, అవనిగడ్డ, కైకలూరు పల్లెల్లో కూడా ఈ మాటలు వినని రోజు లేదు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని కూలీ స్త్రీ కూడా "టెన్షన్‌గా ఉందమ్మా" అనే అంటుంది. "నాకు బీపీ తెప్పించకు" అంటే జబ్బు సంగతి కాదు, కోపం సంగతి. తెలుగు పాడైపోతోందని బాధపడటానికి నేనీ విషయం ఎత్తుకోలేదు. మన దగ్గరికి వచ్చే స్త్రీలు ఏ మాటలతో తమ బాధ చెప్పుకుంటున్నారో, ఆ మాటల్లో ఏది బయటపడుతోందో, ఏది దాగిపోతోందో చూద్దామని.

ముందు ఈ మాటలు చేసిన మేలు చెప్పుకోవాలి. మనసు బాగాలేదంటే పిచ్చి అని ముద్ర వేసే సమాజం మనది. "టెన్షన్" అన్నందుకు ఎవరూ వెలివేయరు. నలుగురిలో పైకి అనగలిగిన మాట అది.

మరి దాగిపోతున్నదేమిటి? మన పాత మాటలు చూడండి. అత్తింటి ఆరళ్లు, మొగుడి సాధింపు, అప్పులవాడి వేధింపు. బాధతోపాటు బాధపెట్టేవాళ్లు కూడా ఆ మాటలోనే ఉన్నారు. బెంగ, దిగులు అన్నా "దేని మీద?" అని వెంటనే అడుగుతాం. వీటన్నిటినీ ఒక్క "టెన్షన్" కప్పేసింది. అలాగని పాతకాలమే బాగుందని కాదు. ఆరళ్లు అన్న నోటితోనే "సర్దుకుపో" అన్నారు. ఇప్పుడు "అడ్జస్ట్ అవ్వమ్మా" అంటున్నారు. మాట మారింది, సర్దుకోవలసిన మనిషి మాత్రం మారలేదు.

స్ట్రెస్ అన్న మాట వైద్యంలోకి రాకముందు ఇంజనీర్లది. 1936లో ఎలుకల మీద తన పరిశోధన ప్రకటించిన హన్స్ సెల్యే వల్ల తర్వాతి కాలంలో అది వైద్యంలో స్థిరపడింది. వంతెన పగులిస్తే ఇంజనీరు దాని మీద ఎంత బరువు పడిందో లెక్క కడతాడు. ధైర్యంగా ఉండమని వంతెనకి చెప్పడు. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి బరువు లెక్క మానేసి ధైర్యం మాత్రం చెబుతున్నాం.

డెల్టావాళ్లకి ఇంకో సంగతి తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపాను తర్వాత ఇక్కడ వాతావరణ వార్త వినని ఇల్లు లేదు. అల్పపీడనం, వాయుగుండం, తుపాను అని అది మెట్టుమెట్టుగా బలపడుతుంది. వాయుగుండాన్ని ఇంగ్లీషులో డిప్రెషన్ అనే అంటారు. వాతావరణంలో పీడనం, మన సభల్లో పీడన. రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. గాలి పీడనాన్ని రోజూ కొలుస్తారు, హెచ్చరికలు ఇస్తారు. ఇంటిలోపలి పీడన ప్రాణం మీదికి వచ్చాకే వార్త అవుతుంది.

ఈ జిల్లా అనుభవమే చూడండి. 2006లో కృష్ణా జిల్లాలో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల తీరు మీద గొడవ జరిగి, అధికారులు వాటి శాఖలు మూయించారు. 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ వ్యవహారం బయటపడింది. అప్పు పేరుతో స్త్రీలను లైంగికంగా వేధించారన్న ఫిర్యాదులు వచ్చాయి. ఇంటర్ విద్యార్థుల ఆత్మహత్యల మీద 2001లో నీరదా రెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ వేయాల్సి వచ్చింది. వీటన్నిటినీ "ఒత్తిడి తట్టుకోలేక" అన్న ఒక్క మాటతో ముగిస్తే అప్పిచ్చినవాడూ, కాలేజీ యాజమాన్యమూ ఇద్దరూ తప్పుకుంటారు. తట్టుకోలేకపోయిన మనిషే దోషి అవుతుంది.

చట్టం ఈ విషయంలో మనకన్నా కొంత ముందుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. అలా కాదని రుజువైతే తప్ప శిక్షించకూడదు. చికిత్స, పునరావాసం ప్రభుత్వ బాధ్యత. 2005 గృహహింస చట్టం మాటలతో, మానసికంగా, ఆర్థికంగా పెట్టే బాధను కూడా హింస అనే అంది. 1983లో వచ్చిన 498ఎ మానసిక ఆరోగ్యానికి కలిగే హానిని కూడా క్రూరత్వం కింద చేర్చింది. 2024 జూలై నుంచి ఇది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది.

అయితే కాగితం మీద "టెన్షన్ పడుతున్నాను" అని రాస్తే ఈ చట్టాలేవీ కదలవు. ఇక్కడ మన వ్యాకరణమే మనకి దారి చూపిస్తోంది. ఇంగ్లీషు నామవాచకాన్ని తెచ్చుకున్నా దానికి తెలుగు క్రియ తగిలించక తప్పదు. "టెన్షన్ పడుతున్నాను" అంటే బాధ నాది, లోపమూ నాదే అన్నట్టుంటుంది. "టెన్షన్ పెడుతున్నారు" అనగానే పెట్టేవాళ్లు కనిపిస్తారు. కాబట్టి ఆమె మాటను దిద్దనక్కర్లేదు. "ఎవరు పెడుతున్నారు? ఏమన్నారు? ఏ రోజున? డబ్బు ఎవరి చేతిలో ఉంది? రాత్రి నిద్రపోతున్నావా?" అని అడగాలి. ఆమె చెప్పింది చెప్పినట్టే, తేదీలతో సహా రాసుకోవాలి. అదే రేపు ఫిర్యాదుకి ఆధారం.

అలాగని ప్రతి బాధకీ కేసే మందు అనుకోకూడదు. నిద్ర, ఆకలి పోయి బతకాలని లేదంటున్న మనిషికి ముందు వైద్యం కావాలి. 2022 నుంచి నడుస్తున్న టెలీమానస్ నంబరు 14416, మహిళల హెల్ప్‌లైను 181. ఇవి మన ప్రతి కార్యకర్త నోటికి రావాలి. వైద్యానికి తీసుకెళ్లడం, బాధపెట్టినవాళ్లను నిలదీయడం రెండూ మన పనే. మాత్రలు ఇప్పించి మళ్లీ ఆ ఇంటికే, ఆ అప్పు కిందికే పంపిస్తే బరువు దించినట్టు కాదు.